ఆ చేత్తో వద్దండీ

పల్నాడు వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో అందరూ ముందు అడిగిన మాట ఒకటే: "నీళ్ళకేం చేశావయ్యా?" ఆ తరవాతది, "ఆ ఎండకి ఎట్లా తట్టుకున్నావు?" ఎందుకు వెళ్ళావని ఒక్కరూ అడగలేదు. నేను ప్లీడరు గుమాస్తాని కాబట్టి కోర్టు కాగితాల మీద వెళ్ళి ఉంటాననుకున్నారు. కాలవ నీళ్ళు తాగి పెరిగినవాడు వేరే పని పెట్టుకుని అటు పోడని మావాళ్ళ నమ్మకం. నిజానికి నేను వెళ్ళింది ఒక పాత క్రికెట్ బంతి సంచిలో వేసుకుని. చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి, నవ్వదలచినవాళ్ళు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి.

పదేళ్ళప్పుడు నేను గుంటూరులో మా మేనమామగారింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. ఆ రోజుల్లో ఊళ్ళో కుర్రాళ్ళ క్రికెట్ జట్టు ఒకటుండేది. అందులో శామ్యూల్ అని ఒకాయన బంతి వేసేవాడు. అప్పటికాయనకి ఇరవై ఏళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతులు మోచేతులపైకి మడిచి ఉండేవాడు. అందరూ పరుగెత్తుకొచ్చి బంతి విసిరితే ఈయన నాలుగడుగులు నడిచొచ్చి ఎడం చేత్తో వదిలేవాడు. బంతి తాపీగా గాలిలోకి లేచేది. బ్యాటు పట్టుకున్నవాడికి ఇదెంతలే అనిపించేది. కొబ్బరిపీచు చాప మీద పడ్డాక అది పక్కకి తిరిగి వెనక ఉన్న కర్రల్ని పడగొట్టేది. ఔటైనవాడు ఒకసారి చాపవంక, ఒకసారి బ్యాటువంక చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆ చూపు చూడటానికే నేను బడి ఎగ్గొట్టేవాణ్ణి.

నా పిచ్చి ఎంతవరకు పోయిందంటే ఎడం చేత్తో అన్నం తినబోయి అమ్మమ్మ చేత మొట్టికాయలు తిన్నాను. మధ్యాహ్నం ఆట ఆపినప్పుడు జట్టువాళ్ళంతా షెడ్డులో కూచుని తింటే, శామ్యూల్ ఒక్కడూ దూరంగా తుమ్మచెట్టు కింద తన క్యారేజీ విప్పుకునేవాడు. గొప్పవాళ్ళు ఒంటరిగా తింటారు కాబోలనుకున్నాను. వారం రోజులు నేను కూడా కంచం పట్టుకుని వీధి అరుగు మీదకి పోయి ఒక్కణ్ణే తిన్నాను. వీడికేం తెగులని మా ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. ఆ చెట్టు కింద కూచోవటం ఆయన ఇష్టం కాదని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒకరోజు దొరల జట్టు మీద ఆయన ఏడు వికెట్లు తీశాడు. పొద్దున్నించీ ఆయన పేరే అరిచి నా గొంతు పోయింది. ఆట అయ్యాక ఆయన నేరుగా నా దగ్గరికొచ్చి, "ఇందాకటినించీ అరుస్తున్నది నువ్వేనా? ఇదిగో, నీకే" అని ఆ బంతి చాపాడు. ఎడం చేత్తో చాపాడు. నేను చెయ్యి ముందుకు పెట్టబోయి వెనక్కి లాక్కున్నాను. ఎడం చేత్తో ఎవరేమిచ్చినా పుచ్చుకోకూడదని అమ్మమ్మ నా వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది. "ఆ చేత్తో వద్దండీ" అన్నాను.

ఆయన తన చెయ్యి వంక చూసుకున్నాడు. తరవాత వంగి బంతిని గడ్డిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. నేను తీసుకుని ఇంటిదాకా పరుగెత్తాను. అంత ఆనందం నాకు మళ్ళీ పెళ్ళిలో కూడా కలగలేదు.

ఎనిమిదేళ్ళ తరవాత, తెనాలిలో మా ఇంటికి పాలేరు తోటకూర కట్ట తెచ్చి, మెట్టు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. మా అమ్మ వెళ్ళి తీసుకుంది. రోజూ జరిగేదే. ఆ రోజు మాత్రం నాకు ఆ రెండడుగులూ ఎక్కడో చూసినట్టనిపించింది. గడ్డిలో బంతి పెట్టి శామ్యూల్ వేసిన అడుగులే అవి. శామ్యూల్ పుట్టిన కులంవాళ్ళు మా ఇళ్ళకి ఏమిచ్చినా అట్లాగే కింద పెట్టి తప్పుకునేవాళ్ళు. నేను ఎడం చెయ్యి గురించి అన్నమాట ఆయనకి ఇంకోలా వినపడింది. జట్టువాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళ సంగతి వేరు. పొద్దుటినుంచీ తన పేరు జపించిన పదేళ్ళ పిల్లాడు కూడా అదే మాట అన్నాడు.

ఇప్పుడు నాకు ముప్పై అయిదు. ఇన్నేళ్ళూ ఏటా ఒకసారి ఆ బంతికి కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టి పెడుతూ వచ్చాను. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు వేసవిలో ఆయన మాచర్ల దగ్గర పల్లెలో బడిపంతులుగా ఉన్నాడని తెలిసింది. వెళ్ళి, బంతి ఆయన చేతిలో పెట్టి, జరిగింది చెప్పి, మళ్ళీ ఆయన చేతిలోనుంచే, ఆ ఎడం చేతిలోనుంచే, ఈసారి సరిగ్గా అందుకోవాలి. నా యాత్రకి అదొక్కటే ప్రయోజనం.

నరసరావుపేట

గుంటూరునుంచి మాచర్లకి నేరుగా రైలుంది. నేను మాత్రం చుట్టుతిరుగుడుగా నరసరావుపేట వెళ్ళాను. పాత జట్టులో వికెట్ల వెనక నిలబడిన ఆయన అక్కడ వకీలుగా ఉన్నారు. శామ్యూల్ ఏ పల్లెలో ఉన్నదీ ఆయనకే తెలుసునని విన్నాను.

పేటలో దిగగానే కాఫీ తాగాను. కప్పు అణా. మా ఊళ్ళోనూ అణాయే గాని అందులో పాలు కనిపిస్తాయి. హోటలతనితో ఆ మాటే అంటే, "గేదెలకే తాగను నీళ్ళు లేవు, మీకు పాలు యాడ తెచ్చేది? కూకొని తాగండి" అన్నాడు. ఇక్కడివాళ్ళ మాటకి ముసుగుండదు. మొదటిరోజు కోపమొచ్చింది, మర్నాటికి అలవాటైంది.

వకీలుగారు లావయ్యారు. బంతి చూపిస్తే చేతిలోకి తీసుకుని, కుట్లు తడిమి, కళ్ళు మూసుకున్నారు.

"ఈ కుట్టు మీద చూపుడువేలు పెట్టేవాడయ్యా. ఎటు తిరుగుతుందో నాకొక్కడికే తెలిసేది" అన్నారు.

"ఆయన చెట్టు కింద ఒక్కడే తినేవారు కదండీ" అన్నాను నేను.

వకీలుగారు కళ్ళు తెరిచారు. "అవును. షెడ్డులోకి రావద్దని మేమెవరమూ అనలేదు."

"రమ్మని అన్నారా?"

ఆయన ఇంకో సంగతి చెప్పారు. మద్రాసునించి పెద్ద జట్టువాళ్ళు ఒకసారి శామ్యూల్‌ని పంపమని రాశారట. బస దగ్గరా భోజనాల దగ్గరా చిక్కులొస్తాయని, ఒంట్లో బాగాలేదని వీళ్ళే జవాబు రాశారట. "అప్పటి రోజులట్లాంటివి. నేను అడిగానని చెప్పు" అంటూ పల్లె పేరు కాగితం మీద రాసిచ్చారు. బంతిని తిరిగి నా చేతిలోనే పెట్టారు. ఆట సాగినంతసేపూ ఆ బంతి అందరి చేతుల్లోనూ తిరిగేది. అప్పుడెవరికీ ఏ ఆచారమూ అడ్డం రాలేదు. ఆ సంగతి ఆయనతో అనాలనిపించింది గాని, ఆయన కాఫీ ఇప్పించారు కదా అని ఊరుకున్నాను. నా మొహమాటం నాకు ఇట్లాంటిచోట్లే అడ్డం వస్తుంది.

బొగ్గు బస్సు

పేటనుంచి పిడుగురాళ్ళకి బస్సు. యుద్ధం ముగిసినా పెట్రోలు ఇంకా కరువే. బస్సు వెనక నిలువెత్తు డబ్బా కట్టి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతో నడుపుతున్నారు. డ్రైవరు ఖాదర్ సాయిబు బస్సు నడపటంకంటే ఆ డబ్బాకి సేవ చెయ్యటమే ఎక్కువ. ప్రతి మిట్ట దగ్గరా బండి ఆయాసపడి ఆగేది. ఆయన దిగి కొలిమిలో కదిపినట్టు బొగ్గులు కదిపేవాడు.

"దిగండయ్యా, మగాళ్ళంతా దిగండి. బండికి ఊపిరాడటంల్యా" అని కేకేసేవాడు.

మేం దిగి తోసేవాళ్ళం. అర్ధరూపాయి టిక్కెట్టు కొని తోసింది చాలక, నా తెల్లచొక్కా మసిబారింది. ఈ సంగతి మా ఆవిడకి చెప్పినప్పుడు బస్సు మీద కంటే నా మీదే కోప్పడింది.

ఒక కుదుపుకి నా సంచి జారి బంతి బయటపడి, బస్సంతా దొర్లింది. వెనక సీట్లో ముసలావిడ పట్టుకుని ఎండకెత్తి చూసింది.

"ఇదేందయ్యా, రాయా కాయా?"

"బంతమ్మా. తోలు బంతి."

"తోలా?" అని ఆవిడ చటుక్కున కింద వదిలేసి, చెయ్యి చీరకి తుడుచుకుంది. బస్సంతా నవ్వారు. నేనూ నవ్వాను. మా అమ్మమ్మ అంతకంటే ఎక్కువే చేసింది. బంతి ఇంటికి తెచ్చిన సాయంత్రం దాని మీద చెంబెడు నీళ్ళు పోసి, గడప దాటనివ్వకుండా అరుగు మీద డబ్బాలో పెట్టించింది. తోలుకని పోసిందా, ఇచ్చిన మనిషిని బట్టి పోసిందా అని ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

దోవపొడుగునా నాపరాళ్ళే. మా వైపు కంపతో వేసే దడి ఇక్కడ రాళ్ళు నిలబెట్టి వేస్తారు. ఇళ్ళమీద పెంకుకి బదులు రాతిపలకలు పరుస్తారు. బస్సు తోసి ఆయాసం తీర్చుకుంటూ ఆ రాతి దడి మీద ఒకసారి చెయ్యి ఆనిస్తే చురుక్కున కాలింది, మళ్ళీ ఆనించలేదు.

గురజాల

పిడుగురాళ్ళలో రైలెక్కి పొద్దు వాలేవేళకి గురజాలలో దిగాను. కోర్టున్న ఊరు కాబట్టి పూటకూళ్ళ ఇంటికి కొదవ లేదు. నేను వెళ్ళిన ఇంటి యజమానురాలు సుబ్బమ్మగారు. భోజనం ఆరణాలు. బియ్యం కంట్రోలులో ఉన్నాయని సగం అన్నం, సగం జొన్నరొట్టె పెట్టింది. పండుమిరప పచ్చడి ఒక్క వేలితో నాకానో లేదో నా కళ్ళనుంచి నీళ్ళు కారాయి. పక్కన కూచున్న మిరపకాయల వ్యాపారి దాన్ని ముద్దపప్పులా కలుపుకుని తింటున్నాడు.

ఏం పనిమీద వచ్చానని ఆయన అడిగాడు. క్రికెట్ ఆటగాణ్ణి చూడటానికన్నాను.

"కిరికెట్టా? అదేందది, కొత్తరకం పత్తి ఇత్తనమా?"

నేను విడమరిచి చెప్పాను. ఒకడు బంతి వేస్తాడు, ఒకడు కర్రతో కొడతాడు, పదకొండుమంది చుట్టూ నిలబడతారని.

"పదకొండుమంది నిలబడి చూస్తారా? పొద్దస్తమానం? ఈళ్ళకి పొలాల్లేవా?" అన్నాడాయన. పాతికేళ్ళుగా దాన్నే తలచుకుంటూ బతికినవాణ్ణి, జొన్నరొట్టె తుంచుకుని తినటం మొదలుపెట్టాను.

సుబ్బమ్మగారు మజ్జిగ పోస్తూ, "ఎవరింటికి నాయనా?" అంది. పల్లె పేరు చెప్పి, శామ్యూల్ మాస్టారింటికన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది. తరవాత మళ్ళీ మజ్జిగ పోసింది.

"వెళ్ళిరా నాయనా, దానికేం. రేపు మళ్ళా ఈ పూటకొస్తే మాత్రం బావి దగ్గర స్నానం చేసి లోపలికి రా. నలుగురు తినే ఇల్లు."

ఆవిడ మంచిమనిషి. అరగదేమోనని నా చేత బలవంతంగా వాము తినిపించింది. నేను తలూపాను. నోరు ఏదైనా అనేలోపే నా తల ఊగింది. ఏ సంగతికి క్షమాపణ చెప్పుకుందామని అంతదూరం బయల్దేరానో, దానికే పూటకూళ్ళింట్లో సరేనని తలూపాను. ఆ పూట నాకు పచ్చడికంటే అదే ఎక్కువ మండింది.

మాచర్ల

మర్నాడు పొద్దున్నే మాచర్లలో దిగితే స్టేషను బయట నాలుగు ఎడ్లబండ్లున్నాయి. "శామ్యూల్‌గారింటికి" అని పల్లె పేరు చెబితే ముగ్గురికి ఆయనెవరో తెలియలేదు. నాలుగో బండి కోటయ్య మాత్రం, "సామేలు పంతులా? అట్టా చెప్పరేంది! మా బుడ్డోడికి అక్షరాలు దిద్దించింది ఆయనే. ఎక్కండి" అన్నాడు. పోనూరానూ ముప్పావలా మాట్లాడుకున్నాం.

దారిలో కోటయ్యని అడిగాను, పంతులుగారు బంతి ఆడతారా అని.

"ఆడతారు, పిలకాయల్తో. పురచేత్తో, అదే ఎడం చేత్తో, ఏస్తాడండీ. ఎంత ఎగిరినా తగలదు. మా వోడు ఇంటికొచ్చి ఏడుస్తాడు." కాసేపాగి, "మంచోడు. ఆయనకి కోపం రాగా మేమెవళ్ళం చూళ్ళా" అన్నాడు.

పల్లెకి ఫర్లాంగు దూరంలో వేపచెట్టు కింద బండి ఆపాడు. "మీరు పోయిరండి. నేనీడే ఉంటా. మజ్జానం రైలుబండికి పోవాలంటే నేను కేకేసినప్పుడు లెగవాల" అన్నాడు. కొడుక్కి అక్షరాలు దిద్దించిన మనిషి ఇంటికి ఎందుకు రావని నేను అడగలేదు. అడిగే అర్హత ఉందనిపించలేదు.

ఆ పల్లెలో

పల్లె పేరు రాయను. మాస్టారికి ఇబ్బంది కలగవచ్చు.

బడి అంటే రాతిపలకల కప్పున్న పొడుగాటి గది ఒకటి. గుమ్మంలోనుంచి చూస్తే ఆయన బోర్డు మీద రాస్తున్నాడు. కుడి చేత్తో రాస్తున్నాడు. వేరే మనిషేమోనని నేను అక్కడే ఆగిపోయాను. ఆయన ఇటు తిరిగాక ఆ పొడుగు, మోచేతులపైకి మడిచిన చొక్కా చూసి గుర్తుపట్టాను. జుట్టు సగం నెరిసింది.

"ఎవరండీ? ఇనస్పెక్టరుగారా?" అన్నాడు కంగారుగా.

కాదని చెప్పి, నేనెవరో, ఎక్కణ్ణించి వచ్చానో చెప్పాను. ఆయన పిల్లలకి ఎక్కాలు వల్లెవెయ్యమని, నన్ను వసారాలోకి తీసుకెళ్ళాడు. నేను నా దగ్గరున్నదంతా కుమ్మరించాను. ఏ ఆటలో ఎన్ని వికెట్లు, ఏ దొర ఏ బంతికి ఔటై చాపవంక ఎట్లా చూశాడో, అన్నీ. ఆయన నవ్వాడు.

"ఇయ్యన్నీ మీకెట్టా గుర్తున్నయ్యండీ? నాకే లేవు. నాకు ఆ బూట్లు గుర్తు. తెల్లయి. జట్టోళ్ళు కొనిచ్చారు. మానేసినాక తిరిగిచ్చేశా."

కుడి చేత్తో రాస్తున్నారేమని అడిగాను.

"ఎడం చేత్తో రాసిన అచ్చరాలు పిలకాయలకి అబ్బవన్నారండీ ఊళ్ళోవాళ్ళు. సరేలే, బడికి పంపితే చాలని ఈ చెయ్యి నేర్చుకున్నా. ఏడాది పట్టింది."

వకీలుగారు అడిగారని చెప్పాను. "ఆయన బాగా పట్టేవాడు. నా బంతి ఆయన చేతిలోంచి జారేది కాదు" అన్నాడు. మద్రాసు ఉత్తరం సంగతి ఆయనకి తెలుసో తెలియదో నేను కనుక్కోలేకపోయాను.

అప్పుడు సంచిలోనుంచి బంతి తీసి ఆయన చేతిలో పెట్టాను. దారిపొడుగునా తయారుచేసుకున్న మాటలన్నీ మరిచిపోయి, అడ్డదిడ్డంగా చెప్పాను. అమ్మమ్మ, మొట్టికాయలు, ఎడం చెయ్యి, ఆ చేత్తో వద్దండీ అన్నమాట, గడ్డిలో బంతి, రెండడుగులు. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి ఏడ్చాను. లోపల పిల్లలు ఏడో ఎక్కం ఆపి వింటున్నారు.

ఆయన బంతిని ఎడమచేతి వేళ్ళ మధ్య తిప్పాడు.

"బాబుగారూ, మీరింత దూరం వచ్చారు. గుర్తుందని చెప్పాలి నేను. కానీ లేదండీ. అట్టా కింద పెట్టినయ్యి చానా ఉన్నయ్యి. చిల్లర పెట్టా, పుస్తకాలు పెట్టా, పళ్ళు పెట్టా. బంతి కూడా పెట్టా కామోసు."

నేను తల దించుకున్నాను. నేను పదిహేడేళ్ళు మోసిన సంగతి ఆయన లెక్కలో విడిగా కనపడను కూడా లేదు.

"ఒకటడగనా? నేను కుడి చేత్తో ఇచ్చినట్టయితే తీసుకునేవాళ్ళా మీరు?" అన్నాడాయన. నిష్ఠూరంగా కాదు, పిల్లవాణ్ణి లెక్క అడిగినట్టు అడిగాడు.

"తీసుకునేవాణ్ణండీ" అన్నాను. మరీ గబుక్కున అన్నాను. ఆయన "ఊఁ" అని బంతివంక చూశాడు. నిజం చెప్పాలంటే ఆ జవాబు నాకూ తెలియదు. ఎడం చెయ్యి అనే మాట ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకుని చెప్పుకుని, దాని వెనక ఇంకేమైనా ఉందేమో ఇప్పుడు నాకు కనపడదు.

"ఈ బంతి మీదండీ" అన్నాను.

"మీకిచ్చిందేగా. ఇచ్చింది ఎనక్కి తీసుకుంటామా? పిలకాయలకి ఒక్కసారి చూపిచ్చి ఇస్తా. ఈళ్ళు గుడ్డబంతి తప్ప ఎరగరు."

బడి ముందు మట్టిలో తాటిమట్ట బ్యాటు పట్టుకుని ఒక గట్టి పిల్లాడు నిలబడ్డాడు. మాస్టారు నాలుగడుగులు నడిచి ఎడం చేత్తో బంతి వదిలాడు. అది లేచింది, తాపీగా దిగింది, మట్టిలో పడి పక్కకి తిరిగి రాయి మీదపెట్టిన డబ్బాని పడగొట్టింది. పిల్లాడు నేలవంక ఒకసారి, మట్టవంక ఒకసారి చూశాడు. నేను పదేళ్ళవాడిలా ఆయన పేరు పెట్టి అరిచాను. పిల్లలంతా పడీపడీ నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వకుండా నావంక కాసేపు చూసి, బంతి జేబులో వేసుకున్నాడు.

బడి పక్కనే వాళ్ళ ఇల్లు. ఆయన భార్య మరియమ్మగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అయ్యగారూ, మా ఇంట్లో తింటారా అని అడగలేక ఈయన నన్నడగమన్నారు. తినకపోయినా మేమేం అనుకోం" అంది.

తింటానన్నాను. మాస్టారు కూడా నాతోపాటు కూచుంటేనే తింటానన్నాను. ఆయన వచ్చి ఎదురుగా కూచున్నాడు. సత్తు పళ్ళాల్లో జొన్నన్నం, కందిపప్పు, గోంగూర పచ్చడి. మా వైపు జొన్నన్నం కూలీలు తినేదని అనుకుంటాం. వేడిగా గోంగూరతో కలుపుకుంటే ఇన్నాళ్ళూ ఎందుకు తినలేదా అనిపించింది. ఆమె రెండోసారి వడ్డించింది. నేను వద్దనలేదు. బంతి ఎప్పుడు తిరిగి ఇస్తాడా, చేతులు కడుక్కుని రెండు చేతులూ చాపి ఎట్లా అందుకోవాలా అని నేను లోపల్లోపల సిద్ధపడుతున్నాను. అడిగి ఇప్పించుకుంటే నాటకంలా ఉంటుంది కదా.

అంతలో వేపచెట్టు దగ్గరనుంచి కోటయ్య కేక వినపడింది. "అయ్యా, రైలు పోద్ది! లెగండి!"

మాస్టారికి బంతి గుర్తొచ్చింది. కుడిచెయ్యి అన్నంలో ఉంది కాబట్టి ఎడం చేత్తో జేబులోనుంచి తీసి, రెండు పళ్ళాల మీదుగా నావైపు చాపాడు.

"ఇదిగోనండీ, మీ బంతి. మళ్ళా మర్చిపోతారు."

నా కుడిచెయ్యి మణికట్టుదాకా గోంగూర. ఇంతకాలం ఎదురుచూసిన బంతిని ఎంగిలిచేత్తో అంటుకోవటమా? పెద్దాయన ఇస్తుంటే ఎడం చెయ్యి చాపటమా? గాభరాపడి లేవబోయాను.

"అయ్యో, ఈ చేత్తో వద్దండీ..."

కడుక్కుని వస్తానన్న మాట ఆ వెనక వచ్చింది. ఆ రెండు మాటలకీ మధ్య ఎంతో వ్యవధి లేదు. ఆ కాస్తలోనే ఆయన చెయ్యి కిందికి దిగింది. బంతిని కింద నాపరాళ్ళ నేల మీద పెట్టి వదిలేశాడు. కూచుని ఉన్నాడు కాబట్టి రెండడుగులు వెనక్కి వెయ్యలేదు. తన పళ్ళెం కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"నా చెయ్యి ఎంగిలి అని అన్నానండీ. నా చేతినే అన్నాను" అన్నాను.

"తెలుసులెండి. తినండి, రైలు పోద్ది" అన్నాడాయన.

నేను తినలేదు. పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. మరియమ్మగారు పోసిన నీళ్ళతో రెండు చేతులూ మోచేతులదాకా కడిగాను. తిరిగొచ్చేసరికి ఆయన బడిలోకి వెళ్ళిపోయాడు. ఎక్కాలు మళ్ళీ మొదలయ్యాయి. బంతి పెట్టినచోటే ఉంది. వంగి తీసుకున్నాను.

తిరుగు రైలు

మధ్యాహ్నం బండి దొరికింది. గురజాలలో దిగలేదు. సుబ్బమ్మగారి బావి దగ్గర స్నానం చెయ్యాల్సిన పని తప్పింది. బంతి ఒళ్ళో పెట్టుకుని, దానికంటిన మన్ను తుడవబోయి మానేశాను.

ఎదురుగా కూచున్న ఒకావిడ పిల్లని ఒళ్ళో పెట్టుకుని అన్నం మూట విప్పి తింటూ, ఎడం చేత్తో తన మొగుడికి మరచెంబు అందించింది. ఆయన కూడా అన్నం తింటూ ఎడం చేత్తోనే అందుకుని తాగాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అన్నం దగ్గర ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఆ చేత్తోనే. మా అమ్మమ్మ కూడా వడ్డించుకుంటూ తినేటప్పుడు గరిటె ఆ చేత్తోనే పట్టేది.

నా ఎడం చెయ్యి వంక చూసుకున్నాను. మాస్టారింట్లో భోజనం చేసినంతసేపూ అది శుభ్రంగా, ఖాళీగా నా ఒళ్ళోనే ఉంది. అది చాపితే సరిపోయేది. ఆ సంగతి నాకు నడికుడి స్టేషను దాటాక తట్టింది.